అజీజా బేగం మొక్కిన పోతు

చిట్యాలలో అజీజా బేగంతో మేకల బేరం ఆడాలంటే గుండెధైర్యం కావాలి. ధర ఒక్క పైసా తగ్గించేది కాదు, పైగా తన మేకల లోపాలన్నీ తనే బయటపెట్టేది. "దీనికి చలికాలం దగ్గొస్తది. తీస్కపోతె తీస్కపో, లేకుంటె తొవ్వ వట్టు" అనేది. కొనడానికి వచ్చినవాడు బిత్తరపోయేవాడు. అయినా కేతేపల్లి నుంచి కూడా జనం వెతుక్కుంటూ ఆమె దొడ్డికే వచ్చేవారు. ఆమె చెప్పని రోగం ఆ మేకకు ఉండదని అందరికీ నమ్మకం. అబద్ధం ఆడేవాళ్ళను చూస్తే ఆమెకు ఒళ్ళు మండేది. ఎదుటివాడు ఎంత పెద్దమనిషైనా సరే, మొహం మీదే అనేసేది.

నేను ఆమెను చిన్నమ్మ అనేదాన్ని. మాది దేవరకొండ పక్క పల్లె. మా తాతకు సెంటు భూమి లేదు. మా బాపు బాలస్వామికి చిట్యాల పశువుల దవాఖానలో అటెండరు నౌకరీ దొరికితే, మూటాముల్లె సర్దుకుని వచ్చి హైవే పక్కన ఆమె ఇంట్లో ఒక గది కిరాయికి తీసుకున్నాం. మాకు ఆదివారం ప్రార్థన, ఆమెకు రోజూ ఐదు పూటల నమాజు. ఈ తేడా వల్ల ఎన్నడూ పేచీ రాలేదు. పేచీలన్నీ నీళ్ళ దగ్గరా, మా అమ్మ ఆరేసిన బట్టల్ని మేకలు నమిలిన దగ్గరా వచ్చేవి.

ఆమె భర్త మెహమూద్‌కు రోడ్డు మీద పంక్చర్ల దుకాణం ఉండేది. కామెర్లతో పోయాడు. అప్పటికి వాళ్ళ పిల్ల ఖమర్ ఇంకా పాకుతోంది. అత్తగారి వైపువాళ్ళు వచ్చి తమతో ఉండమన్నారు. అక్కడ ఉంటే వంటింట్లో ఉండాలి, ఇక్కడైతే నా దొడ్డిలో ఉంటాను అని చెప్పి పంపించేసింది. దుకాణం సామాను అమ్మి మేకలు కొంది. నాకు తెలిసిన ఆడవాళ్ళలో అంత మొండిమనిషి ఇంకొకరు లేరు.

అంత మొండిమనిషికి ఒక్కటే భయం. ఖమర్‌కు ఫిట్స్ వచ్చేవి. చిన్నప్పుడు జ్వరం తగిలి మొదలయ్యాయి, పోలేదు. ఆడుకుంటూ ఆడుకుంటూ పిల్ల కళ్ళు తేలేసి పడిపోయేది. పట్నం దవాఖానలో గోలీలు రాసిచ్చారు. అవి వేస్తుంటే తగ్గాయి గానీ పూర్తిగా ఆగలేదు.

నాకు డిగ్రీ అయ్యాక పట్నంలో ఒక పరిశోధన సంస్థలో పని దొరికింది. ఎనభైల చివరి మాట. మా సారు పేరు దశరథం, నల్లగొండ దగ్గరి పల్లెలోనే పుట్టిన మనిషి. ఆయన పని మెదడు మీద. మెదడులో ఒక నరం ఇంకో నరానికి ఏదైనా చెప్పాలంటే ఒక రసాయనం వదులుతుంది. దాన్ని అందుకోవడానికి అవతలి నరం మీద ఒక చోటు ఉంటుంది. ఆ చోటునే రిసెప్టర్ అంటారు. గాబా అని ఒక రసాయనం ఉంది, దాని మాట ఎప్పుడూ ఒకటే, ఇక చాలు, నిమ్మళించు అని. ఆ మాట సరిగ్గా అందకపోతే మెదడులో గత్తర లేస్తుంది, ఫిట్స్ వస్తాయి. గాబా రిసెప్టర్ మెదడులో ఎక్కడెక్కడ ఉందో కంటితో చూడాలని మా సారు పట్టుదల.

అది మామూలుగా కనపడదు. దాన్ని మాత్రమే వెతికి అతుక్కునే యాంటీబాడీ కావాలి. అది అతుక్కున్న చోట రంగు పుట్టిస్తే, మైక్రోస్కోపు కింద గోధుమరంగులో తేలుతుంది. విదేశాల నుంచి తెప్పిస్తే తోవలో మంచు కరిగి, వాసన కొడుతూ మా చేతికి వచ్చేది. సరే, మనమే తయారుచేద్దాం అన్నారు సారు. అది టీకా లాంటి పనే. రిసెప్టర్‌లోని ఒక ముక్కను జంతువు ఒంట్లోకి సూదితో ఎక్కిస్తే, ఆ ఒళ్ళు దాన్ని పరాయిదనుకుని నెత్తురులో యాంటీబాడీ పుట్టిస్తుంది. మొదట కుందేళ్ళకు ఎక్కించాం. ఎండాకాలం కూలర్ చెడిపోతే కుందేళ్ళన్నీ చచ్చాయి, మా కష్టం వాటితోనే పోయింది. మేకలైతే మన ఎండకు తట్టుకుంటాయి, కానీ సంస్థలో మేకలకు జాగా లేదు. అప్పుడు నేనే అజీజా చిన్నమ్మ పేరు చెప్పాను.

సారు నాలుగు మేకపోతులు కొని జీపులో చిట్యాల తెచ్చారు. నెలకింత జీతం ఇస్తామని అన్నారో లేదో, ఆమె అగ్గిమీద గుగ్గిలమైంది. నేను ఎవరి దగ్గరా జీతం ఉండను, కావాలంటే పాలుకు మేపుతాను అంది. మా దిక్కు అది ఎప్పటినుంచో ఉన్న పద్ధతి. ఒకరి జీవాలను ఇంకొకరు మేపితే చివరికి సగం పాలు, అంటే వాటా, జీవాలు ఇచ్చినవాళ్ళకు, సగం మేపినవాళ్ళకు. సారు పల్లెలో పుట్టినవాడు కాబట్టి నవ్వి ఒప్పుకున్నారు. పని అయిపోయాక రెండు మావి, రెండు మీవి అన్నారు. సూదులు ఆపి చాలా కాలం గడిచేదాకా ఏ పోతునూ కోయొద్దు, ఆ మాంసం తినొద్దని కూడా చెప్పారు. ఏ రెండు ఎవరివో ఆయన చెప్పలేదు, ఆమె అడగలేదు. మొత్తం తంటా అక్కడే పుట్టింది.

నెలకోసారి నేను వెళ్ళి పోతులకు సూది ఎక్కించి, మెడ నరం నుంచి కాస్త నెత్తురు తీసేదాన్ని. ఆ పని మా బాపు నేర్పాడు. తీసేటప్పుడు ఖమర్ పోతు గడ్డం పట్టుకుని దాని చెవిలో ఏవో ముచ్చట్లు చెప్పేది. ముఖ్యంగా మొహాన తెల్లమచ్చ ఉన్న బొల్లిపోతు ఆ పిల్ల మాట వింటూ కదలకుండా నిలబడేది. తక్కినవి నన్ను తన్నని రోజు లేదు.

మరుసటి వేసవిలో ఫలితాలు తేలాయి. మూడు పోతుల సీరం, అంటే నెత్తురు నుంచి తేర్చిన నీరు, ఎందుకూ పనికిరాలేదు. ఎలుక మెదడు నుంచి కోసిన పలుచని ముక్క మీద వేస్తే అంతా ఒకటే మసక. బొల్లిపోతు సీరం వేసిన ముక్కను సారు చాలాసేపు చూసి, నన్ను పిలిచి చూడమన్నారు. ఎక్కడ ఉండాలో అక్కడే, చుక్కలు చుక్కలుగా గోధుమరంగు. నాకు ఏడుపొచ్చింది. ఇలాంటి యాంటీబాడీకి ఒక గుణం ఉంది, ఏ జంతువు నెత్తురు దానిదే. అదే సూది ఇంకో మేకకు వేస్తే ఇదే వస్తుందని నమ్మకం లేదు. ఈ పోతు పోతే ఈ యాంటీబాడీ మళ్ళీ పుట్టదు.

ఆ సంతోషంతో మేమిద్దరం చిట్యాల వెళ్ళాం. బొల్లిపోతును జాగ్రత్తగా చూడమని సారు అంటుండగానే అజీజా బేగం అడ్డు తగిలింది. "గది నాది గాదు, మీది గాదు సారూ. బాబాకు మొక్కిన" అంది.

జరిగింది అప్పుడు చెప్పింది. వెనకటి చలికాలంలో, ఆ బాబా దర్గాలో ఏటా జరిగే ఉర్సు రోజుల్లో, దొడ్డిలో ఖమర్‌కు ఫిట్ వచ్చింది. ఎప్పటిలా ఆగలేదు. మూతి నీలమయింది. ఇంట్లో ఎవరూ లేరు, రోడ్డు మీద ఏ బండీ ఆపలేదు. పిల్లను ఒళ్ళో వేసుకుని చెయ్యి చాపితే బొల్లిపోతు చెవి తగిలింది. ఆ చెవి పట్టుకుని మొక్కింది. వచ్చే ఉర్సుదాకా పిల్లకు మళ్ళీ రాకుంటే దీన్ని నీ దర్గా దగ్గర కోసి కందూరు చేస్తాను అని. కందూరు అంటే మా దిక్కు అందరికీ తెలిసిందే. పోతును కోసి, వండి, ఫాతెహా ప్రార్థన చదివించి, వచ్చినవాళ్ళకల్లా కడుపునిండా పెట్టడం. హిందువులూ చేస్తారు, ముసల్మానులూ చేస్తారు. ఆమె మొక్కిన కాసేపటికి ఫిట్ ఆగింది. ఆ రోజు నుంచి ఒక్కటంటే ఒక్కటి రాలేదు.

మొక్కిన పోతు మన ఉమ్మడి పోతే కదా అని సారు మెల్లగా అడిగారు. నా పాలుకొచ్చే రెంటిలో ఒకటి అనుకున్నానంది. సారు ఎన్నో రకాలుగా బతిమాలారు. మిగతా మూడూ తీసుకోమన్నారు, అంగడిలో అన్నిటికన్నా మంచి పోతును కొనిస్తానన్నారు. చెవి పట్టుకుని మొక్కాక ఇంకో జీవం పనికిరాదని ఆమె అంది. సూదులు వేసిన మాంసం జనానికి పెట్టకూడదని ఆయన అంటే, నెత్తురు తీసుకుంటే తీసుకోండి గానీ ఈ రోజు నుంచి దానికి ఎక్కించే సూది తగలనివ్వనంది. అన్నట్టుగానే తగలనివ్వలేదు. సూదులు ఆగితే నెత్తురులో యాంటీబాడీ నెలనెలా తరిగిపోతుంది. మాకు మిగిలినవి ఉర్సు లోపల నెలకొకటిగా తీసుకునే కొన్ని సీసాలే.

సారు చివరికి అసలు సంగతి చెప్పి చూశారు. ఖమర్ మింగే గోలీ మెదడులో పనిచేసేది సరిగ్గా ఆ రిసెప్టర్ చోటనే అని, ఈ పోతు నెత్తురు ఆ చోటునే చూపెడుతుందని వివరించారు. ఆమె కొంగు నడుముకు దోపుకుని శ్రద్ధగా విన్నది.

"అయితే గీ నెత్తురుతోని నా బిడ్డకు మందు అయితదా?"

"కాదమ్మా. చూపెడుతది, అంతే."

"చూపెట్టుడేనా?"

"చూపెట్టుడే."

"అయితే మొక్కే నయం" అంది.

సారు అబద్ధం ఆడలేదు. ఆడి ఉంటే ఆమె పోతును ఇచ్చేదేమో. అందుకే ఆయన మీద నాకు ఇప్పటికీ గౌరవం. కానీ ఆ వెంటనే ఆయన అడగకూడని మాట ఒకటి అడిగారు. ఉర్సు లోపల ఒకవేళ పిల్లకు ఫిట్ వస్తే ఎట్లా అని. అజీజా బేగం మొహం మాడిపోయింది. అయినా నిజమే చెప్పింది, "వస్తె మొక్కు లేదు. పోతు మీదే" అని. ఖమర్ పక్కనే సుబాబుల్ కొమ్మ పట్టుకుని బొల్లిపోతుకు ఆకు తినిపిస్తోంది. పిల్ల ఉందని మాలో ఒక్కరికీ తట్టలేదు.

ఆ తర్వాతి నెలలన్నీ ఆ మాట కిందే గడిచాయి. వెళ్ళిన ప్రతిసారీ సారు జీపు దిగగానే, పిల్ల ఎట్లా ఉందమ్మా అని అడిగేవారు. ఆయన మంచిమనసుతోనే అడిగేవారని నేను ఒట్టేసి చెప్పగలను. కానీ ఆ మాటకు ఇంకో అర్థం ఉందని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు, జవాబు చెప్పేముందు ఒక్క క్షణం ఆగే అజీజా బేగానికీ తెలుసు. ల్యాబులో మా తోటివాడొకడు, ఉర్సు లోపల ఆ పిల్లకు ఒక్కసారి వస్తే మన పంట పండినట్టే అని నవ్వుతూ అన్నాడు. చేతిలో ఉన్న గాజు సామాను వాడి బల్ల మీద పగలగొట్టాను. సారు నన్ను తిట్టారు, వాణ్ణి ఇంకా ఎక్కువ తిట్టారు.

చిట్యాలలో పిల్లకు ఆట బంద్ అయింది. బడి బంద్ అయింది. తల్లి ఎండలోకి పోనివ్వదు, పరిగెత్తనివ్వదు, పిల్ల తుమ్మినా ఉలిక్కిపడేది. సాయంత్రం కాగానే గోలీ తన చేత్తో పిల్ల నాలుక మీద పెట్టి, నీళ్ళు తాగించి, అప్పుడు గానీ పొయ్యి దగ్గరికి పోయేది కాదు. ఆమె అన్న లియాఖత్ అలీకి నల్లగొండలో మాంసం దుకాణం. కోసేది ఆయనే. వచ్చి పోతు వీపు నిమిరి, ఎంతమందికి సరిపోతుందో చూసి, చుట్టాలకు కబుర్లు పంపించి పోయాడు. ఉర్సు దగ్గరపడేకొద్దీ సంతోషపడాల్సిన మనిషి చిక్కి సగమైంది. "ఏడాది నిండొస్తాందంటేనే భయమైతాంది బిడ్డా" అని నాతో అంది. ఆమె నోట భయం అనే మాట నేను అదే మొదటిసారి విన్నాను. ఆమె చెయ్యి పట్టుకున్నాను.

ఉర్సు ఇంకో వారం ఉందనగా చివరి సీసా తీయడానికి పొద్దున్నే వెళ్ళాం. సారు జీపు దిగి, అలవాటుగా పిల్ల సంగతి అడిగారు. మంచిగనే ఉంది అంది అజీజా బేగం. ఖమర్ వచ్చి ఎప్పటిలా పోతు గడ్డం పట్టుకుంది. పిల్ల మొహం వాడిపోయినట్టు నాకు అనిపించింది గానీ, పోతు పోతుందనే దిగులనుకున్నాను. సూది నరంలోకి దిగింది, నెత్తురు సీసాలోకి రావడం మొదలైంది. ఉన్నట్టుండి పోతు తల ఎగరేసింది. చూస్తే దాని గడ్డం పట్టుకున్న చెయ్యి కొట్టుకుంటోంది. ఖమర్ వెనక్కి విరుచుకుపడింది.

అజీజా బేగం అరవలేదు. పరుగున వచ్చి పిల్లను పక్కకు ఒత్తిగిల్లజేసి, తల కింద అరచెయ్యి పెట్టింది. ఆగుతుంది, ఆగుతుంది అని తనకు తనే చెప్పుకుంటోంది. ఆగినట్టే ఆగి మళ్ళీ మొదలైంది. మూడోసారి కూడా రావడంతో సారు పిల్లను రెండు చేతులా ఎత్తుకుని జీపు వైపు పరిగెత్తారు. ఆ నెత్తురు సీసా ఎక్కడ పడిందో, ఏమైందో మాలో ఎవరూ చూడలేదు. నల్లగొండ దాకా తల్లి ఒళ్ళో పిల్ల కొట్టుకుంటూనే ఉంది. ఆమె మొక్కనూ లేదు, ఏడవనూ లేదు. రోడ్డునే చూస్తూ కూర్చుంది. నేను మాత్రం తెలిసిన ప్రార్థనలన్నీ చేశాను.

దవాఖానలో సూది వేశాక ఫిట్ ఆగింది. గోలీలు మానేశారా అని డాక్టరు అడిగాడు. అజీజా బేగం ఆయన మీద విరుచుకుపడింది. ఒక్క పూట తప్పకుండా నా చేత్తో నేను నోట్లో వేశాను, నేను అబద్ధం చెప్తున్నానా అని. వార్డులో అందరూ తిరిగి చూశారు. ఒక్కసారిగా మానేస్తేనే ఇట్లా వస్తుందమ్మా అని డాక్టరు మెల్లగా చెప్పి వెళ్ళిపోయాడు.

సాయంత్రానికి ఖమర్ కళ్ళు తెరిచింది. నాలుక కొరుక్కుంది కాబట్టి మాట ముద్దగా వచ్చింది. నీళ్ళు అడుగుతోందేమోనని తల్లి వంగింది.

"అమ్మీ, ఇగ బొల్లిపోతును కొయ్యరు గదా?"

అజీజా బేగానికి మొదట అర్థం కాలేదు. నాకు అర్థమైంది. పిల్ల ఇంకొంచెం చెప్పింది. కొన్ని రోజులుగా గోలీని నాలుక కింద దాచుకుని, దొడ్డిలోకి పోయి గోడ సందుల్లో ఉమ్మేసేదట. తనకు ఫిట్ వస్తే పోతు బతుకుతుందని పెద్దవాళ్ళే అన్నారట.

కొడుతుందేమోనని నేను మంచం దగ్గరికి జరిగాను. ఆమె కొట్టలేదు. పిల్ల మొహానికి అంటిన వెంట్రుకలు పక్కకు తీసింది. తర్వాత వంగి పిల్ల చెవిలో ఏదో చెప్పింది. పిల్ల తల ఊపి మళ్ళీ నిద్రలోకి జారుకుంది.

సారు బయట వరండాలో గోడకు ఆనుకుని నిలబడి ఉన్నారు. పొద్దుటి నుంచి ఏమీ తినలేదు. అజీజా బేగం ఆయన ముందుకు వచ్చి నిలబడింది. పిల్ల ఎట్లా ఉందని అడగబోయి ఆయన ఆగిపోయారు. ఆ మాట ఆయన నోట ఇక ఎన్నడూ రాలేదు. పిల్ల గోలీలు ఉమ్మేసిన సంగతి ఆమే ఆయనకు చెప్పింది.

"పోతును తీస్కపోండ్రి సారూ" అంది. "పిల్ల ఇంటికొచ్చినంక, అది చూస్తుండంగనే జీపెక్కించుండ్రి."

గోలీలు మానితే వచ్చిన ఫిట్ కదా, మరి మొక్కు మాట ఎట్లా అని సారు అడిగారు. అది బాబాకూ నాకూ మధ్య, నేను చెప్పుకుంటాను అంది. తర్వాత గొంతు తగ్గించింది. నేను పక్కనే ఉన్నా కాబట్టి వినబడింది.

"గోలీ మింగినన్ని రోజులు పోతు బతుకుతదని పిల్లకు చెప్పిన. మీరొచ్చినప్పుడల్లా పోతు ఎట్లున్నదని అడుగుతది. మంచిగున్నదని చెప్పుండ్రి. అది సచ్చిపోయినా గట్లనే చెప్పుండ్రి. నా బిడ్డ గోలీ మింగాలె."

సారు సరే అన్నారు. నేనూ సరే అన్నాను.

సంస్థ వెనక రేకుల కింద కట్టేసిన బొల్లిపోతు ఆ మరుసటి ఎండాకాలం వడదెబ్బ తగిలి చనిపోయింది. దాని సీరం చిన్న చిన్న సీసాల్లో గడ్డకట్టి, మంచుపెట్టెలో చాలా ఏళ్ళు ఉంది, చాలామందికి పనికొచ్చింది. నేను చిట్యాల పోయినప్పుడల్లా పోతు ఎట్లున్నది అక్కా అని ఖమర్ అడిగేది. మంచిగున్నదని చెప్పేదాన్ని. అజీజా బేగం ఆ మాట వింటూ, నా మొహం చూడకుండా, మేకలకు ఆకు వేసుకుంటూ ఉండేది. ఖమర్ పెద్దదైంది, మేకలు అన్నేళ్ళు బతకవని తెలిసే వయసూ దాటింది. అయినా అడిగేది. నేను చెప్పేదాన్ని. విని, లోపలికి పోయి గోలీ వేసుకునేది.